సాపిన కాళ్లు

మా అవ్వ కాళ్లు సాగవు.
చిన్నప్పటి సంది తాగిన బోరింగు నీళ్లు
మోకాళ్లల్ల సున్నమై కూసున్నయి.
మొదటిదానికి తానం పోసిన సైదమ్మ
ఇప్పుడు పొద్దుగాల ఆరింటికే
చౌటుప్పల్ కంపెనీ బస్సు ఎక్కుతది.
అందుకని ఇయ్యాల
బాత్రూం ముందటి బండ మీద
పీటేసుకొని నేనే కూసున్న,
కుట్లు చురుక్కుమంటుంటే
రెండు కాళ్లు ముందుకు సాపి.

"బోర్ల ఎయ్యి. తల పాదాల దిక్కు.
ముక్కుల నీళ్లు పోకుండ చెయ్యి అడ్డం పెట్టు.
గట్ల కాదే, ఇట్ల!"
ఇట్ల అంటే ఎట్లనో చూపెట్టనీకి
మంచంల కూసొని అవ్వ చేతులు తిప్పుతది,
గాలిల ఒక బిడ్డకు వీపు రుద్దుతది.

నలబై దినాల పిల్ల. ఇంక పేరు పెట్టలే.
నూనె పట్టిచ్చిన ఒళ్లు
కొర్రమట్ట పిల్ల లెక్క జారుతది.
మొదటి చెంబు పడంగనే
మర్రిగూడ సంత దాక ఇనబడేటట్టు మొత్తుకుంటది.

నిజం చెప్పాల్నంటే
ఈ నలబై దినాలల్ల
తల్లినైన అని అనిపిచ్చింది తక్కువ.
పాడి బర్రె లెక్క అనిపిచ్చింది.
బట్టలుతికే బండ లెక్క అనిపిచ్చింది.
కుడిదిక్కు పాలు గడ్డకట్టి రాయైతే
గోబీ ఆకు పెట్టుకొమ్మని ఆశక్క చెప్పింది.
పెట్టుకున్న.
అద్దంల చూసుకుంటే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది,
రెండిట్ల ఏది ముందొచ్చిందో యాదికి లేదు.

లారీ నాగపూర్ దాటినంక ఆయన ఫోన్ చేస్తడు:
"తిన్నదా? పండుకుందా?"
ఆ రెండు మాటలు ఒక్కసారన్న
నా గురించి అడిగితే బాగుండు.

రెండున్నరేండ్ల జశ్విత మొన్న అన్నది:
"అమ్మా, దీన్ని మళ్ల దవాఖానల ఇచ్చొద్దాం పా.
కిట్టు గూడ ఇచ్చేద్దాం.
దోమతెర మనం ఉంచుకుందాం."
అందరు నవ్విన్రు. నేను గూడ.
ఆ రాత్రి మూడింటికి, నాలుగోసారి లేసినప్పుడు,
చీకట్ల ఆ మాటను
నా నోట్ల ఏసుకొని చూసిన.
చప్పరించి, మింగిన.
ఎవ్వలకు చెప్పలే.

ఇగో, ఇప్పుడు,
పదో చెంబుకో పన్నెండో చెంబుకో
పిల్ల ఊకుంది.
గోరువెచ్చటి నీళ్లు వెన్ను మీదికెల్లి జారుతుంటే
నా పిక్కల మీద
దాని పొట్ట లేసుడు, పడుడు తెలుస్తున్నది.
ఇద్దరి తోళ్ల నడుమ ఒక్క నీటిపొర.
ఒళ్లంత సడలిచ్చి, పెదవి ఇంత తెరిచి,
నన్ను నమ్మింది.
నన్ను! నిద్ర లేక తూలేదాన్ని,
చెంబు ఏ చేత్తో పట్టాల్నో తెలవనిదాన్ని.

"అటు సూడే" అన్నది అవ్వ.
పక్కన జశ్విత.
బండ మీద కూసొని, రెండు కాళ్లు సాపి,
కాళ్ల మీద ఆనిగెపుకాయను బోర్లేసి
ఖాళీ గిలాసతోని నీళ్లు పోస్తున్నది.
"ఏడ్వకు బంగారం, అయిపోయింది, అయిపోయింది."
అచ్చం నా గొంతు.
నేను ఇంత మంచిగ మాట్లాడుతనని
నాకే తెలవదు.

అవ్వ ఆనిగెపుకాయను చూస్తలేదు.
కట్టె పట్టుకొని మెల్లగ వచ్చింది,
వంగలేక వంగి
జశ్విత మోకాలిచిప్ప మీద చెయ్యేసి
కిందికి, పాదం దాక,
గీత గీసినట్టు నిమిరింది.
"సక్కగున్నయి" అన్నది.
మళ్లొకసారి నిమిరింది.

మాపటికి ఆ ఆనిగెపుకాయ కూరైంది,
బాలెంతకు పాలు పడతయని.
జశ్విత గిన్నె ముందల కూసొని
తన బిడ్డను కోసిన్రని ఒక్కటే ఏడుపు.
దాని ఏడుపుకు ఇది లేసింది.
ఒకదాన్ని చంకల, ఒకదాన్ని భుజం మీద ఏసుకొని
వాకిట్ల అటు ఇటు తిరుగుతున్న,
నోట్ల ఇంక ముద్ద నములుకుంటనే.
ఉప్పు తక్కువైంది.
అయినా మంచిగున్నది.